డిస్క్‌కి స్టెమ్ సెల్స్ సంగతి తర్వాత... ముందు ఎమర్జెన్సీకి వెళ్లండి

ప్రశ్న: నా వయసు 27. స్టెమ్ సెల్స్‌తో (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) వెన్నుపామును బాగుచేయడంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. గంటల తరబడి మైక్రోస్కోప్ ముందే కూర్చుంటాను. రెండు నెలలుగా నడుంనొప్పి, ఎడమ కాల్లోకి లాగుతోంది. రోజుకు రెండు డిక్లోఫెనాక్ నొప్పి మాత్రలు నేనే వేసుకుంటున్నాను. నా ఎముక మజ్జలోని స్టెమ్ సెల్స్‌నే డిస్క్‌లోకి (పూసల మధ్య మెత్తటి దిండులోకి) ఎక్కిస్తే నయమవుతుందా? నాలుగు రోజులుగా తొడల మధ్య మొద్దుబారినట్టుంది, మూత్రం రావడానికీ కాసేపు పడుతోంది.

జవాబు: మీ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మొద్దుబారడం, మూత్రం ఇబ్బంది ఇంకా ఉంటే మిగతా జవాబు తర్వాత చదవండి. ఇప్పుడే ఎవరినైనా తోడు తీసుకుని, ఎమ్మారై ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. బండి మీరు నడపొద్దు.

వెన్నుపాము నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుందని మీకు తెలుసు. అక్కడినుంచి కిందికి దిగే నరాల కుచ్చును డిస్క్ ముక్క గట్టిగా నొక్కితే కాడా ఈక్వైనా సిండ్రోమ్ వస్తుంది. మూత్రం, మలం పట్టు, లైంగిక స్పందన అన్నీ ఆ నరాల మీదే ఆధారపడి ఉంటాయి. మీకు అదే ఉందని చూడకుండా నేను చెప్పలేను. మూత్రం ఆలస్యం కావడానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఎమ్మారైలో లేదని తేలేదాకా ఉందనే అనుకోవాలి. అక్కడ మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో కూడా స్కాన్‌లో చూస్తారు. ఒత్తిడి ఉంటే ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మేలు. ఎలాగూ నాలుగు రోజులైపోయాయి కదా అని ఇంకో రోజు ఆగకండి. మూత్రం పూర్తిగా ఆగిపోకముందే వచ్చినవాళ్లు మెరుగ్గా కోలుకుంటారు.

మీ మాత్రల విషయం నన్ను నిజంగా బాధపెట్టింది. రెండు నెలలు, అదీ డాక్టర్ రాయకుండా! పెయిన్ కిల్లర్ నొప్పిని అణుస్తుంది గానీ నరం మీది డిస్క్ ముక్కను తీసేయదు. కొందరికి ఉన్నట్టుండి కాలి నొప్పి తగ్గి, మొద్దుబారడం పెరుగుతుంది. నయమైందనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. అది నరం దెబ్బతింటోందన్న సూచన కావచ్చు. ఇన్నాళ్లు వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మలం నల్లగా వస్తోందా? వస్తుంటే అక్కడి డాక్టరుకు చెప్పండి. ఎన్ని మాత్రలు మింగారో దాచకండి, ఆపరేషన్‌కి ముందు వాళ్లకు అది తెలియాలి. చదువుకున్నవాళ్లే తమ జబ్బు తామే తేల్చుకుని ఆలస్యంగా రావడం నేను తరచూ చూస్తున్నాను.

స్టెమ్ సెల్స్ సంగతికొస్తే, డిస్క్‌లోకి మజ్జ కణాలు ఎక్కించడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. 2010లో అమెరికాలోని గెరాన్ కంపెనీ, 2021లో జపాన్‌లోని కీయో యూనివర్సిటీ మనుషులకు కణాలు ఎక్కించింది వెన్నుపాము గాయాలకు, డిస్క్‌కి కాదు. అవీ ముందుగా భద్రత తేల్చుకోవడానికి చేసిన ప్రయత్నాలే. నలిగిన నరం మీద బరువు తీయడానికి ఏ కణమూ పనికిరాదు. డబ్బు తీసుకుని ఎక్కిస్తామనే క్లినిక్‌లకు వెళ్లొద్దు.

ఇది ఉత్తరం చదివి ఇచ్చిన సలహా మాత్రమే. మిమ్మల్ని చూసిన డాక్టర్ మాటే వినండి. బయల్దేరేముందు మీ గైడ్‌కి ఒక్క ఫోన్ చేయండి. కణాలకు మీడియం (అవి పెరిగే పోషక ద్రవం) మార్చే పని ఇవాళ ల్యాబ్‌లో ఇంకెవరైనా చూసుకుంటారు.