చిన్నా, ఆ 808లో రోటరీ దించే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి మీ అత్తకి కూడా చూపించాను. బండి బాగుంది, తలుపుల కింద తుప్పు కూడా పెద్దగా లేదు, ఇప్పుడు ఆక్లండ్‌లో ఇంత శుభ్రమైన మాజ్డా 808 కూపే దొరకడం మాటలు కాదు. అందులో 13బి టర్బో, అదే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరిగే మాజ్డా రోటరీ ఇంజన్, దించుతానంటే నేను వద్దనను. ఇరవై ఏళ్ళకు పైగా హెండర్సన్‌లో ఈ ఇంజన్లే విప్పుతూ బిగిస్తూ బతికినవాణ్ణి, నేనెలా వద్దంటాను! కానీ మెసేజ్ మొదట్లోనే "బూస్ట్ ఎంత పెట్టొచ్చు మామయ్యా" అని అడిగావు చూడు, అది చదివాక నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నాను. బూస్ట్, అంటే టర్బో ఇంజన్లోకి గాలిని నెట్టే ప్రెషర్, దాని సంగతి చివర్లో చెప్తాను.

బండి విషయంలో నీ ఎంపిక మంచిదే. ఇదే బాడీలో రోటరీ పెట్టి మాజ్డావాళ్ళే 1971లో ఆర్ఎక్స్-3 అని తెచ్చారు కాబట్టి చోటు గురించి భయం లేదు. అయితే ఆ రోజుల్లో అందులో వచ్చింది 10ఎ, 12ఎ ఇంజన్లు, టర్బో లేదు, మౌంటింగులు వేరే రకం. నువ్వు చూస్తున్న ఇంజన్ ఎఫ్‌సీ, అంటే రెండో తరం ఆర్ఎక్స్-7 కారుది, దాని మౌంటింగులు 808 క్రాస్ మెంబర్ మీద నేరుగా కూర్చోవు. ఖాళీ ఇంజన్ని గేర్‌బాక్స్‌తో సహా ఒకసారి దించి, బోనెట్ వేసి, స్టీరింగ్ రెండువైపులా తిప్పి చూసి, అప్పుడే బ్రాకెట్లు కోయించు. తొందరపడి ముందే వెల్డింగ్ చేయించకు.

ఇంజన్‌కి డబ్బులిచ్చే ముందు కంప్రెషన్ చూడాలి, ఇందులో మొహమాటం వద్దు. మామూలు గేజ్ పనికిరాదురా. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, ఆ గేజ్ మూడింట్లో ఎక్కువున్నదాన్నే చూపించి ఊరుకుంటుంది, మిగతా రెండూ పోయినా నీకు తెలియదు. రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది, నా దగ్గరుంది. 250 ఆర్‌పీఎం లెక్కన ప్రతి ముఖానికీ కనీసం 85 పీఎస్ఐ రావాలి, ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 20 దాటకూడదు. "ఇప్పుడే రీబిల్డ్ చేయించాం" అని ఎవరు చెప్పినా తల ఊపి టెస్టర్ పెట్టు.

ఇక అసలు విషయం, వేడి. పిస్టన్ ఇంజన్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. నేనూ తిన్నాను. బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నప్పుడు ఇంజన్ వేడెక్కుతోందంటే మేం చేసే మొదటి పని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) పీకి అవతల పారేయడం, మన ఎండలకి అది నడిచిపోయేది. ఇక్కడికొచ్చి మొదటిసారి సొంతంగా కొనుక్కున్న రోటరీకి కూడా అదే చేశాను. ఆక్లండ్‌కి దక్షిణాన ఉన్న బాంబే హిల్స్ ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీత దాటింది, బండి పక్కన ఆపాను, చల్లారాక నడిపి ఇంటికి తెచ్చాను, బాగానే ఉందనుకున్నాను. తెల్లారి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నిండా తెల్లపొగ, తియ్యటి కూలెంట్ వాసన. లోపల హౌసింగుల మధ్య ఉండే నీటి సీళ్ళు కాలిపోయాయి. ఇంజన్ మొత్తం విప్పితే తప్ప వాటిని మార్చలేం. ఎందుకైందో తర్వాత తెలిసింది. ఈ ఇంజన్ థర్మోస్టాట్ అడుగున చిన్న పళ్ళెం లాంటిది ఉంటుంది, వేడెక్కి కిందికి దిగినప్పుడు అది బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే మళ్ళీ ఇంజన్లోకి పోతాయి. కాబట్టి థర్మోస్టాట్ ఉండాలి, అదీ సరైన రకందే ఉండాలి.

808 పాత రేడియేటర్ గురించి అసలు ఆలోచించకు, దాని చోట పట్టేంత పెద్ద అల్యూమినియం రేడియేటర్ వెయ్యి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) ముందు పెడితే రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది, అందుకని పక్కల సందులన్నీ రేకుతో మూసి గాలి వాటిలోంచే పోయేలా చెయ్యి. దానికంటే ముఖ్యం ఆయిల్ కూలర్. రోటర్లని లోపల్నుంచి చల్లబరిచేది ఆయిలే. ఈ ఇంజన్‌కి ఆయిల్ కూలర్ కూడా రేడియేటర్ లాంటిదే అనుకో, మిగిలిన సందులో చిన్నది ఇరికించడం కాదు.

ఆ ఆయిల్ కొంచెం కాలాలి కూడా. అపెక్స్ సీళ్ళు, అంటే రోటర్ మూలల్లో ఉండే సీళ్ళు, పొడిబారి అరిగిపోకుండా మాజ్డావాళ్ళు చిన్న పంపుతో లోపలికి ఆయిల్ చుక్కలుగా పంపుతారు. చాలామంది ఆ పంపు తీసేసి పెట్రోల్లోనే టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు, మీ తాతయ్య లూనాకి బంకులో కలిపించేవారు గుర్తుందా, అదే పద్ధతి. లీటరుకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు. పంపు తీస్తే మాత్రం ట్యాంకు నింపిన ప్రతిసారీ కలపాల్సిందే, ఒక్కసారి కూడా మర్చిపోకూడదు. డిక్కీలో ఒక సీసా, కొలగ్లాసు ఎప్పుడూ ఉండాలి.

కుడివైపు స్టీరింగ్ ఉన్న మన బండ్లలో టర్బో, స్టీరింగ్ బాక్స్, బ్రేక్ మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే మూలకి చేరతాయి. రోటరీ పొగ వేడి మామూలు ఇంజన్ కంటే చాలా ఎక్కువ. టర్బోకి, పైపుకి కవచం చుట్టు, బ్రేక్ పైపుల్ని దూరంగా తిప్పు, అటువైపు పెట్రోల్ గొట్టం ఒక్కటీ ఉండకూడదు. పాత పెట్రోల్ లైన్లు కార్బ్యురేటర్ కోసం వేసినవి, వాటిలో ప్రెషర్ నామమాత్రం. ఇంజెక్షన్‌కి కావాల్సింది 40 పీఎస్ఐ పైమాటే, కాబట్టి ట్యాంకు నుంచి కొత్త లైను, రిటర్న్ లైను, సర్జ్ ట్యాంకు (పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా మధ్యలో పెట్టే చిన్న ట్యాంకు) వేయాలి. మలుపులో ట్యాంకులో పెట్రోలు పక్కకి పోయి పంపు అర సెకను గాలి పీల్చినా బూస్ట్ మీద ఉంటే అపెక్స్ సీల్ విరిగిపోతుంది. నువ్వు చూడలేదు కదా, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ముక్క అది. మూల విరిగితే హౌసింగ్ లోపలి గోడ మీద గోరుతో గీసినట్టు గీత పడుతుంది, ఆ ముక్క అక్కడితో ఆగకుండా పొగతో బయటికొచ్చి టర్బో రెక్కల్ని కూడా కొడుతుంది.

గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ పాతవి ఆగవు. ఎఫ్‌సీ టర్బో గేర్‌బాక్సే తీసుకో, వెనక హైలక్స్ డిఫరెన్షియల్ కురచ చేయించి వేసేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. బ్రేకులు ఇంజన్ కంటే ముందు వేయించు. 900 కిలోల లోపు బండి అది, వంద గుర్రాలు కూడా లేని ఇంజన్ కోసం పెట్టిన బ్రేకులతో రెండొందల గుర్రాలని ఆపలేవు.

పని మొదలెట్టకముందే ఎల్‌వీవీ సర్టిఫైయర్‌తో, అంటే ఇలా మార్పులు చేసిన బండ్లని చూసి ఒప్పుకుని ప్లేట్ ఇచ్చే ఆయనతో, మాట్లాడు. అంతా అయ్యాక చూపిస్తే ఆయన ఒక వెల్డింగ్ విప్పమన్నాడంటే సగం బండి విప్పాలి. ఆ ప్లేట్ లేకుండా వారెంట్ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్) ఇవ్వరు, యాక్సిడెంటైతే ఇన్సూరెన్స్ వాళ్ళతో పెద్ద టెన్షన్. అక్కకి నేను సమాధానం చెప్పుకోవాలి రా.

ఇప్పుడు బూస్ట్. నీ ఇంజన్ తర్వాతి తరం ఎఫ్‌డీ ఆర్ఎక్స్-7కే ఫ్యాక్టరీ పెట్టింది 10 పీఎస్ఐ, అదీ అంతా కొత్తగా, పక్కాగా ఉన్న బండికి. నువ్వు మొదటి వెయ్యి కిలోమీటర్లు బూస్ట్ జోలికే పోకు. తర్వాత ఏడాది పాటు 7 దాటొద్దు, 98 పెట్రోలు తప్ప వేరేది పొయ్యొద్దు. వైడ్‌బ్యాండ్ మీటర్ (పెట్రోలుకి గాలి ఎన్ని పాళ్ళు కలుస్తోందో చూపించేది) కళ్ళెదురుగా పెట్టు, బూస్ట్ మీద 11 దగ్గరుండాలి, 12 కనిపించిందంటే కాలు తీసెయ్. ట్యూనింగ్ రోటరీ తెలిసినవాళ్ళ దగ్గరే చేయించు, ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే రంగులో తగ్గించుకో. ఇంకోటి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి బండి పక్కకి జరిపి వెంటనే ఆపేయకు. ప్లగ్గులు తడిసిపోయి మళ్ళీ స్టార్ట్ కాదు.

ఆదివారం పొద్దున్నే టెస్టర్ తీసుకుని హామిల్టన్ వస్తాను. ఆ ఇంజన్ అమ్మే అతనికి చెప్పి బ్యాటరీ రాత్రే ఫుల్ ఛార్జ్ పెట్టించు, స్టార్టర్ నెమ్మదిగా తిరిగితే రీడింగ్ తక్కువొచ్చి మంచి ఇంజన్ కూడా పోయినట్టు కనిపిస్తుంది. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య