కోట లేని చోటుకి చరిత్ర ఉండదా? మా గుడుపల్లె సంగతి చెబుతాను

"జనం పల్చగా ఉండే మారుమూల మండలం ఏదైనా మీకు బాగా తెలిస్తే దాని భౌగోళికం, చరిత్ర చెప్పగలరా? పెద్ద గుళ్ళు, కోటలు లేని చోటుకి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంటుందా?" అని అడిగారు. ఆ రెండో ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. మాది చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలం. ఉద్యోగం కోసం తిరుపతి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇక్కడ ఎవరైనా "మీదే ఊరు" అంటే గుడుపల్లె అని చెప్పడం మానేసి కుప్పం దగ్గర అని చెప్పడం అలవాటైపోయింది, ఎందుకంటే మా మండలం పేరు జిల్లాలో సగం మందికి తెలియదు. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆంధ్రప్రదేశ్ పటంలో చిత్తూరు జిల్లా నైరుతి కొస చూడండి. కర్ణాటక, తమిళనాడు మధ్యలోకి ఒక ముక్క చొచ్చుకుపోయినట్టు ఉంటుంది. అందులో కుప్పం, శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె మండలాలున్నాయి. మాకు పడమటి పక్క కోలారు జిల్లా, దక్షిణాన తమిళనాడు. మా జిల్లా కేంద్రం చిత్తూరు దాదాపు 120 కిలోమీటర్లు, బెంగుళూరు రైల్లో అంతకంటే తక్కువే. ఒంట్లో బాగాలేకపోతే మావాళ్ళు ముందు కర్ణాటకలోని బంగారు గనుల పట్నం కేజీఎఫ్‌కో కోలారుకో పోతారు గానీ చిత్తూరు గుర్తుకు రాదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, పెళ్ళి సంబంధాల దగ్గర తమిళం. మా అవ్వ మూడూ కలిపే మాట్లాడేది, ఏది ఏ భాషో ఆమెకు పట్టింపు లేదు.

ఇది పీఠభూమి అంచు. సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తు, అందుకే తిరుపతిలో ఉక్కపోసే రోజుల్లో కూడా మా ఊళ్ళో రాత్రి దుప్పటి కావాలి. ఎర్రనేల, దాని కింద గరుసు, ఆ కింద రాయి. పెద్ద ఊళ్ళు లేవు, ఇరవై ముప్పై ఇళ్ళ పల్లెలే, పల్లెకీ పల్లెకీ మధ్య గుట్టలు, చింతచెట్లు, కానుగచెట్లు, చిన్న చిన్న కుంటలు. మొత్తం పాత చిత్తూరు జిల్లాకే 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 275 మంది, అందులో తిరుపతి, మదనపల్లె లాంటి పట్నాలన్నీ ఉన్నాయి. మా వైపు పొద్దున పూట కాలిబాటన నడిస్తే గంటలో ఎదురయ్యే మనుషుల్ని పేరుపేరునా పలకరించి పోవచ్చు.

ఎందుకింత పల్చగా అంటే నీళ్ళు లేక. పాలారు మా నియోజకవర్గం గుండానే పోతుంది, నంది కొండల దగ్గర పుట్టి కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. మన 33 కిలోమీటర్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. దీనికి పాత కథ ఉంది. ఈ నది నీళ్ళ గురించి 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. పైన బేతమంగళం చెరువు నీళ్ళు కేజీఎఫ్ గనులకి, అక్కడి కాలనీలకి పోయాయి. అంటే బంగారం తీసేవాళ్ళ దాహం తీరాక మిగిలింది కిందికి. ఇంక మాకు ఆధారం కుంటలు, బావులు. మా తాత హయాంలో బావిలో చేతికి అందేంత నీళ్ళు ఉండేవట. నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాయన మూడో బోరు వేయించాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసే ఆయన వచ్చి చేను మూలన ఒక చోట కాలుతో గీత గీశాడు. రాత్రంతా లారీ మోత. తెల్లారేసరికి ఎనిమిది వందల అడుగులు దాటింది, బయటికొచ్చేది తెల్లటి పొడి, ఇంటి మీద, చింతచెట్టు మీద, మా నాయన తల మీద అంతా సున్నం చల్లినట్టు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, లారీ వాళ్ళకి కాఫీ ఇమ్మని మాత్రం అమ్మతో చెప్పాడు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

చరిత్ర అన్నారు కదా. మా చరిత్ర కూడా ఆ రాయి దగ్గరికే వస్తుంది.

కోలారు బంగారు గనుల పేరు అందరికీ తెలుసు. ఆ బంగారం ఉన్న రాతి పట్టీ కేజీఎఫ్‌తో ఆగదు. దాదాపు 80 కిలోమీటర్ల పొడవున, మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే సన్నటి పట్టీ అది, చుట్టూ అంతా గ్రానైటు. ఆ పట్టీ దక్షిణపు కొస మా మండలంలోకి వస్తుంది. దూరం నుంచి నల్లగా ఒంటరిగా కనబడే మల్లప్పకొండ ఆ రాయే. చుట్టుపక్కల గుట్టలన్నీ గుండ్రాళ్ళు పేర్చినట్టు తెల్లగా ఉంటే ఇది మాత్రం వేరుగా ఉంటుంది. పైన శివుడి గుడి, శివరాత్రికి మూడు రాష్ట్రాల వాళ్ళూ ఎక్కుతారు. కొండ మీద నిలబడి చూస్తే ఏది ఆంధ్ర, ఏది తమిళనాడు, ఏది కర్ణాటక అని నేల మీద గీత ఎక్కడా కనబడదు, చిన్నప్పుడు మా మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఇదే చూపించాడు.

ఈ పట్టీ మీదే మాకు రెండు గనులు ఉండేవి, చిగురుకుంట, బిసానత్తం. 1880 నుంచి కోలారులో గనులు తవ్విన జాన్ టేలర్ కంపెనీ కాలం అయిపోయాక, స్వాతంత్ర్యం వచ్చాక గనులు ప్రభుత్వం చేతికొచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. మా రెండు గనులూ దాని కిందివే. కేజీఎఫ్‌లో షాఫ్టులు మూడు కిలోమీటర్ల లోతు దాటిపోయాయి, రాతిలో బంగారం శాతం తగ్గిపోయింది, ఖర్చుకి, వచ్చేదానికి పొంతన లేకుండా పోయింది. 2001 ఫిబ్రవరి 28న సంస్థను మూసేశారు. దాంతో మావీ మూతపడ్డాయి. కేజీఎఫ్ మూతపడిన కథ దేశమంతా తెలుసు, చిగురుకుంట మూతపడిందని ఎక్కడా రాయరు. మా పక్కింటి పెద్దాయన గనిలో పనిచేసేవాడు, ఆయన్ని మేము చిన్నాయనా అని పిలిచేవాళ్ళం. గని మూతపడ్డాక కూడా కొన్నాళ్ళు అదే టైముకి లేచి, క్యారియర్ కట్టించుకుని, బస్సు ఆగే చోట కానుగచెట్టు కింద కూర్చుని, ఎండెక్కాక ఇంటికొచ్చేవాడు. చిన్నమ్మ ఏమీ అనేది కాదు, క్యారియర్‌లో సంగటి ముద్ద తిరిగొస్తే దాన్ని మధ్యాహ్నం మజ్జిగలో పిసికి ఆయనకే పెట్టేది. ఇది నేను కళ్ళతో చూసిందే. మీరు కోట గురించి అడిగారు, నాకు మా మండలం చరిత్ర అనగానే ఆ క్యారియర్ గుర్తొస్తుంది.

అసలు కోట కూడా లేకపోలేదు. కుప్పం దగ్గర కంగుంది అని ఉంది, కొండ మీద పాత కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. పాళెగాళ్ళ ఏలుబడి, తర్వాత ఈస్టిండియా కంపెనీకి పేష్కషు, అంటే కప్పం, కట్టే జమీను. కుప్పం చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ కంగుంది జమీను కిందివే. అప్పట్లో ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి కేంద్రం చిత్తూరు పట్నమే. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీన్లు పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, అట్లా గుడుపల్లెకి సొంత పేరొచ్చింది. 2022లో కుప్పం రెవెన్యూ డివిజన్ వచ్చాక సంతకం కోసం దూరం తిరగడం కొంత తప్పింది.

అంతకు ముందు సంగతి కావాలంటే పొలాల్లో రాళ్ళు చూడాలి. చిత్తూరు జిల్లా పడమటి భాగమంతా వీరగల్లులే. బాణులు, నొలంబులు, వైదుంబులు ఏలిన కాలంలో ఆవుల మందల్ని తోలుకుపోయేవాళ్ళతో పోరాడి చచ్చిపోయిన మామూలు మనుషులకి ఊరు నిలబెట్టిన రాళ్ళవి. మా చేను గట్టున ఒకటుంది. కత్తి ఎత్తిన మనిషి, పక్కన ఆవు, మొహం అరిగిపోయింది. మా అవ్వ దాన్ని ఈరప్ప అనేది. సంక్రాంతికి నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త రాగులు దోసెడు ముందు పోసేది. నేనొకసారి "ఎవరవ్వా ఈయన" అంటే, "మన ఆవుల కోసరం సచ్చిపోయినోడు అబ్బోడా, పేరు యాడ తెలుస్తాది" అంది. పెద్ద చదువులు చదివాక నేను పుస్తకాల్లో చూసుకున్నదీ అదే. వెయ్యేళ్ళ కిందటి పశువుల దొంగతనం, ఒక చదువురాని ముసలామె నోట్లో అట్లాగే మిగిలుంది. చరిత్ర లేని చోటని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది ఇందుకే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇట్లాంటి రాయి ఒకటి పక్క పల్లెలో కల్వర్టు కిందికి పోయింది. మీ ఊళ్ళో ఉంటే దయచేసి ఫోటో తీసి పెట్టండి, అక్షరాలుంటే పిండి చల్లి తీస్తే బాగా కనబడతాయి.

రైలు గురించి చెప్పకపోతే మా జనం ఏమయ్యారో అర్థం కాదు. జోలార్‌పేట నుంచి బెంగుళూరు దాకా లైను 1864లోనే వేశారు. అది మా గుండానే పోతుంది. మల్లానూరు, కుప్పం, గుడుపల్లె, బిసానత్తం, ఆ తర్వాత కర్ణాటక. ఇప్పుడు తెల్లవారుజామున గుడుపల్లె స్టేషన్‌కి వెళ్ళి చూడండి. ఇంకా చీకటి. ప్లాట్‌ఫారం మీద దుప్పట్లు కప్పుకుని జనం, మేస్త్రీలు, పెయింటింగ్ పనివాళ్ళు, ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు, అందరి చేతుల్లో ఒకే రకం స్టీలు క్యారియర్, సంగటి, ఊరిబిండి వాసన. బండి రాగానే ఎక్కేస్తారు. రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో అదే జనం దిగుతారు. పగటిపూట పల్లెలు ఖాళీ, ముసలివాళ్ళు, పిల్లలు, కుక్కలు. కాబట్టి జనం పల్చగా ఉన్నారని లెక్కల్లో చూసేదానికంటే పగలు ఇంకా పల్చన.

ఉన్నవాళ్ళు ఏం పండిస్తారంటే రాగి, చెనిక్కాయ, అనుములు, బోరు ఉన్నచోట టమోటా, మల్బరీ. పట్టుపురుగుల ఇళ్ళు చాలా ఉన్నాయి. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడవడం, దాటాక పురుగులు ఆకు తినే శబ్దం రాత్రి పూట సన్నగా వాన పడుతున్నట్టు వినిపిస్తుంది, నిద్ర పట్టని రాత్రుల్లో ఇప్పటికీ నాకు ఆ శబ్దం గుర్తొస్తుంది.

ఇంకొక సంగతి ఏనుగులు. రెండు వందల ఏళ్ళు ఆంధ్రలో అడవి ఏనుగు లేదు. 1980ల్లో హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి మందలు మా అడవుల్లోకి వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, దాదాపు 358 చదరపు కిలోమీటర్లు. నీళ్ళు, మేత చాలక అవి చేలమీద పడతాయి. రాగి కంకి పాలు పట్టే సమయానికి ఒక రాత్రి మా రెండెకరాలు పోయింది. నేను ఊళ్ళోనే ఉన్నాను, టపాకాయలు, డబ్బాల మోత, చీకట్లో చెట్లు విరిగే చప్పుడు తప్ప ఏనుగు కనబడలేదు. పొద్దున చూస్తే బిందె మోపేంత పాదం గుర్తులు, అందులో నీళ్ళు ఊరాయి. నష్టపరిహారం కోసం మా తమ్ముడు ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడు, చివరికి వచ్చింది విత్తనాల ఖర్చుకి కూడా చాలలేదు. అయినా మా అమ్మ ఏనుగుల్ని తిట్టలేదు, "అదీ నీళ్ళ కోసమే వచ్చింది కదా" అంది. నాకు మాత్రం రైతుకి సకాలంలో డబ్బివ్వకుండా ఏనుగుల్ని కాపాడమని చెప్పడం న్యాయంగా అనిపించదు.

మీరు చూడటానికి రావాలనుకుంటే డిసెంబరు, జనవరిలో రండి. బెంగుళూరు నుంచైనా చెన్నై వైపు నుంచైనా రైల్లో కుప్పంలో దిగితే సులువు, అక్కడి నుంచి గుడుపల్లెకి ఆటోలు, బస్సులు ఉంటాయి. పొద్దున్నే మంచు విడిచేలోగా మల్లప్పకొండ ఎక్కండి, మధ్యాహ్నం కంగుంది చూసుకోవచ్చు. అది అనపకాయల కాలం. ఎవరింటికి వెళ్ళినా వసారాలో నలుగురు కూర్చుని నానబెట్టిన గింజలు వేళ్ళతో నొక్కి తోలు తీస్తూ ఉంటారు, మీ ముందు కూడా ఒక గిన్నె పెడతారు, కూర్చుని మీరూ పితకండి. ఆ రాత్రికి పితికినపప్పు కూర, రాగి సంగటి. పెద్దవాళ్ళు ఊరి సంగతులు చెప్పేది అప్పుడే.