గుంటూరులో పాత మినీకంప్యూటర్ ఉంది, ఎవరికిస్తే బాగుంటుంది?

పెదనాన్నగారు పోయాక బ్రాడీపేట ఇంటి వెనక గదిలో పీడీపీ-11/23 మినీకంప్యూటర్, రెండు ఆర్‌ఎల్02 డిస్క్ డ్రైవులు, ఒక వీటీ100 టెర్మినల్ (దాని తెర, కీబోర్డు), అట్టపెట్టెల నిండా మాన్యువల్స్ బయటపడ్డాయని రాశారు. పాత ఇనుము కొట్టాయన కిలోల లెక్కన తీసుకుంటానంటున్నాడు, సరదాగా ఇలాంటివి దాచుకునేవాళ్ళు మన దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉన్నారండీ. దయచేసి కాటాకి వేయకండి.

విజయవాడలో మా బావగారు పనిచేసిన మిల్లు మూతపడినప్పుడు అక్కడి మైక్రోవాక్స్ (అదీ ఇలాంటి పాత కంప్యూటరే) ఆటోనగర్ వైపు వెళ్ళిపోబోతుంటే నేను అడ్డుపడి, దానికో మంచి మనిషిని వెతికి అప్పగించాను. అప్పుడు తెలిసిందేమిటంటే, స్క్రాప్ వాళ్ళకి కావలసింది బోర్డుల అంచుల మీద ఉండే బంగారు పూత. బోర్డులు లాగేసుకుని మిగతాది ఇనుము కింద కొట్టేస్తారు. సీ ప్రోగ్రామింగ్ భాష రూపుదిద్దుకున్నదే పీడీపీ-11 కుటుంబం మీద, మన రైల్వే రిజర్వేషన్ చాలా ఏళ్ళు నడిచింది వాటి తర్వాత వచ్చిన వాక్స్ యంత్రాల మీద. ఇప్పుడు లాప్‌టాప్‌లోనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం) పెట్టుకుని వీటి సాఫ్ట్‌వేర్ నడపొచ్చు, నిజమే. కానీ అసలు డ్రైవు తిరిగే చప్పుడు, అసలు బోర్డు మీద సిగ్నల్ చూడటం వేరు, దానికోసం తపించేవాళ్ళు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలో ఉన్నారు.

ముందు చేయాల్సింది ఫోటోలు. "పాత కంప్యూటర్ ఉంది" అంటే ఎవరూ పలకరు. కేబినెట్ వెనక స్టిక్కరు, ఓల్టేజీ రాసిన ప్లేటు (అమెరికా నుంచి వచ్చినదైతే 115 ఓల్టులది కావచ్చు), ఆ తర్వాత ప్రతి బోర్డు పిడి మీద ఎం అక్షరంతో మొదలయ్యే నంబరు, ఇవి స్పష్టంగా కనిపించాలి. ఎం8186 అని ఉంటే అది 11/23 ప్రాసెసర్ బోర్డు, తెలిసినవాడు చూడగానే ఫోన్ చేస్తాడు. బోర్డులు బయటికి తీసే ముందు ఏది ఏ స్లాటులో ఉందో ఫోటో తీసి రాసిపెట్టండి. క్యూ-బస్‌లో (బోర్డులన్నిటినీ కలిపే లైను) వరుస ముఖ్యం, మధ్యలో ఒక స్లాటు ఖాళీ వదిలితే సిగ్నల్ అక్కడే తెగిపోయి దాని తర్వాతి బోర్డులు పనిచేయకపోవచ్చు. గదిలో ఇంకేమైనా పెట్టెల మీద ఈసీఐఎల్ అని కనిపిస్తే అసలు వదలకండి, టీడీసీ కంప్యూటర్లు తయారుచేసిన హైదరాబాద్ ప్రభుత్వ సంస్థ అది.

ఆన్ చేసి చూద్దామని మాత్రం అనుకోవద్దు. అన్నేళ్ళు కదలకుండా ఉన్న పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎలా ఉన్నాయో తెలీదు, ఓల్టేజీ ఎక్కువొస్తే బోర్డులన్నీ పోతాయి. తీసుకున్నాయన బోర్డులు బయటపెట్టి, సప్లైకి విడిగా లోడు తగిలించి, ఓల్టేజీలు చూసుకున్నాకే కరెంటు ఇస్తాడు. డ్రైవు మూత కూడా బలవంతంగా తెరవొద్దు, కరెంటు లేనప్పుడు అది లాక్ పడే ఉంటుంది. లోపల నల్ల స్పాంజి జిగురులా కరిగి ఉండొచ్చు, అది కాస్తా డిస్కు మీద పడితే హెడ్లు (డిస్కుని చదివే భాగాలు) పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి డిస్క్ ప్యాకులది, అంటే డ్రైవులో పెట్టి తీసే డిస్కులది. పెదనాన్నగారి ఆఫీసు లెక్కలు ఏవైనా ఉంటాయేమో అన్న టెన్షన్‌తో అయస్కాంతంతో చెరిపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆర్‌ఎల్02 ప్యాకు మీద హెడ్‌కి దారి చూపే సర్వో గుర్తులు ఫ్యాక్టరీలోనే రాస్తారు, వాటిని ఇంట్లో మళ్ళీ రాయలేం. ఒకసారి చెరిగితే ఆ ప్యాకు ఇక పనికిరాదు. ముందు దాన్ని కాపీ తీయించి, మీ లెక్కలేవో మీరు ఉంచుకుని, మిగతాది వాళ్ళకి వదిలేయొచ్చు. తీసుకునేవాళ్ళతో ఈ మాట ముందే అనుకోండి.

టెర్మినల్ అద్దంలో తెల్ల మచ్చలుంటే కంగారు పడకండి. వీటీ100లకి అద్దం వెనక జిగురు పొర పాడై కంట్లో శుక్లంలా కనిపిస్తుంది, దాన్ని బాగుచేసేవాళ్ళున్నారు.

ఇక ఎవరికివ్వాలి అనే దగ్గర నా మాట సూటిగా చెప్తాను. ఎక్కువ డబ్బిచ్చేవాడికి కాదు, మొత్తం సెట్టు విడగొట్టకుండా తీసుకెళ్ళేవాడికివ్వండి. ప్రాసెసర్ బోర్డు ఒక్కటే కొంటామని వచ్చేవాళ్ళుంటారు, ఒప్పుకుంటే మిగిలింది ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. మాన్యువల్స్, కేబుళ్ళు, ఖాళీ ప్యాకు పెట్టెలు కూడా వెళ్ళాలి, కేబుల్ లేని డ్రైవుతో ఎవరూ ఏమీ చేయలేరు. కాలేజీకి ఇవ్వాలని మీకుంటే అక్కడ దాన్ని నడిపే లెక్చరర్ ఒకాయన ఉన్నారో లేదో చూసుకోండి, లేకపోతే అది లాబీలో కొన్నాళ్ళుండి స్టోర్‌రూమ్‌కి పోతుంది. మా మైక్రోవాక్స్ తీసుకున్న పెద్దాయన ఇలాంటి యంత్రాలు సర్వీసు చేసి రిటైరైన ఇంజనీరు. రేటు మాట ఎత్తలేదు, ముందు అడిగింది కేబుళ్ళున్నాయా అని. తనే హైదరాబాద్ నుంచి వచ్చి, ప్రతి కేబుల్ చివర టేపు అంటించి నంబరు వేసి, బోర్డులు యాంటీస్టాటిక్ కవర్లలో పెట్టుకుని, ఎక్కించేదాకా పక్కనే నిలబడ్డాడు. నడిచాక వీడియో పంపిస్తే మా బావగారు ఆ రోజంతా అదే చూస్తూ కూర్చున్నారు.

పార్శిల్‌లో వేయొద్దు. ఆర్‌ఎల్02 ఒక్కోటి 34 కిలోల దాకా ఉంటుంది, పైగా కదిలించే ముందు లోపల హెడ్లు లాక్ చేయాలి. తీసుకునేవాళ్ళనే వచ్చి లాక్ చేసుకుని వాళ్ళ బండిలో వేసుకోమనండి, ఆ ఖర్చు వాళ్ళు సంతోషంగా పెట్టుకుంటారు.

ఫోటోలు ఇక్కడే పెట్టండి, ముఖ్యంగా ఆ బోర్డు పిడులవి. అందాకా గదిలో చెదలు, ఎలుకలు చేరకుండా చూసుకుంటూ, మాన్యువల్స్ పెట్టెలు నేల మీద కాకుండా బల్ల మీదకి ఎక్కించండి.