జీవపరిణామం ‘సిద్ధాంతం మాత్రమే’ అయితే పాఠంలో ఎందుకు పెట్టారు?

హనుమకొండలో పదో తరగతి చదివే మీ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్నే. చిక్కంతా ఇంగ్లీషు ‘థియరీ’తో వచ్చింది. ఆ భాషలో మామూలు మాటల్లో దానికి ‘ఊహ’ అనే అర్థం కూడా ఉంది. మన ‘సిద్ధాంతం’ అలా కాదు, విచారించి తేల్చినది అని అర్థం. విజ్ఞానశాస్త్రంలో ఊహను పరికల్పన అంటారు. అనేక సాక్ష్యాలను కలిపి వివరిస్తూ, ముందు ఏం జరగవచ్చో కూడా చెప్పగలిగేదే సిద్ధాంతం.

ఉదాహరణ మన పత్తి చేలలోనే ఉంది. గుడ్డి పూలు (విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు) కనిపించిన చేలో కాయ చీల్చి చూడండి, గింజను తొలుస్తూ గులాబీ రంగు పురుగు దొరుకుతుంది. 2002లో వచ్చిన బీటీ పత్తి, అంటే ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చడంతో తనలోనే పురుగు విషాన్ని తయారుచేసుకునే పత్తి, ఈ పురుగును చంపేది. కానీ ఆ విషాన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉన్న కొన్ని పురుగులు బతికి, అదే గుణమున్న పిల్లల్ని పెట్టాయి. 2006లో రెండో జన్యువును చేర్చారు. దాన్నీ తట్టుకున్నాయి.

ఇలా జరుగుతుందని శాస్త్రవేత్తలు ముందే అన్నారు. 450 గ్రాముల విత్తన ప్యాకెట్‌తో 120 గ్రాముల బీటీయేతర గింజలు ఇచ్చింది అందుకే. చేను చుట్టూ అవి వేస్తే మామూలు పురుగులూ బతికి, తట్టుకునే వాటితో జతకట్టి, ఆ గుణాన్ని పలచబరుస్తాయి. మనవాళ్లలో చాలామంది ఆ చిన్న సంచిని గట్టు మీదే వదిలేశారు, అది వేరే కథ!

ఒక్క పురుగు తన జీవితంలో మారదు. తరాలు గడిచేకొద్దీ సంతతి మారుతుంది. పరిణామం అంటే ఇదే. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.