సేకరణా, సమీకరణా, క్రోడీకరణా?

సందేహం: మా తెలుగు సంఘం ఉగాది సంచికకు వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల (ఉష్ణోగ్రత వంటివి కొలిచి రేడియోలో పంపే చిన్న పరికరాల అల్లిక) మీద వ్యాసం రాస్తున్నాను. సెన్సర్లు వేలల్లో, దగ్గర దగ్గరగా ఉన్నచోట ‘డేటా అగ్రిగేషన్’ గురించి. ‘సమర్థవంతమైన దత్తాంశ సేకరణ’ అని పేరు పెట్టాను. మిత్రుడు ‘సమీకరణ’ అనాలంటున్నాడు. ‘మధ్యలోని సెన్సర్ తన కిందివాటి సగటును పైకి పంపుతుంది’ అనే వాక్యం కూడా ఆయనకు నచ్చలేదు. ఏది సరి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: దత్తాంశంతో పేచీ లేదు. లాటిన్‌లో డేటా అంటే ‘ఇచ్చినవి’. మన దత్తమూ అదే. చిక్కంతా సేకరణతోనే. సేకరణ అంటే ఉన్నవన్నీ పోగుచేయడం. మీ నెట్‌వర్కులో జరగకూడనిది సరిగ్గా అదే! సెన్సర్ ప్రాణం బ్యాటరీలో ఉంటుంది. లెక్క కట్టడానికి అయ్యే ఖర్చు కంటే రేడియోలో పంపడానికి అయ్యేది ఎన్నో రెట్లు. పైగా పక్కపక్కనున్నవి దాదాపు ఒకే ఉష్ణోగ్రత చెబుతాయి. అందుకే దారిలోనే వాటిని కుదించి పంపుతారు.

మీ అపార్ట్‌మెంటులో ఉగాది భోజనాలకు తలలు లెక్కపెడుతున్నారనుకోండి. అరవై ఇళ్లవాళ్లూ సెక్రటరీకి ఫోన్ చేస్తే అది సేకరణ. పై అంతస్తు లెక్కకు కింది అంతస్తువాళ్లు తమది కలుపుకుంటూ వచ్చి, చివరికి ఒక్క అంకె చెబితే అది అగ్రిగేషన్.

సేకరణకూ సమీకరణకూ తేడా ఏమిటో అమరావతి రైతులను అడిగితే మనకంటే బాగా చెబుతారు. కానీ సమీకరణ నిధులకూ జనానికీ అలవాటుపడిన మాట. చివర సున్నా చేరిందా, లెక్కల పుస్తకంలోకి పోతుంది. పోనీ సంకలనం అందామా, లెక్కల్లో దానర్థం కూడిక ఒక్కటే. అగ్రిగేషన్‌లో గరిష్ఠం, కనిష్ఠం తీయడం కూడా ఉంటుంది, అవి అందులో ఇమడవు.

నా ఓటు క్రోడీకరణకు. క్రోడం అంటే ఒడి, రొమ్ము. విడివిడిగా ఉన్నవాటిని ఒడిలోకి తీసుకుని ఒకటి చేయడం. ‘క్రోఢీకరణ’ అని మాత్రం ఒత్తకండి. మీ ఊళ్లో కన్నడ పత్రికలు చూసేవారికి ఆ ఒత్తు ఇట్టే అంటుకుంటుంది. అక్కడ ‘సంపన్మూల క్రోఢీకరణ’ అంటే వనరుల సమీకరణ. అర్థం కూడా మీ మిత్రుడి వైపు జరిగిపోతుంది.

ఇక ‘సమర్థవంతం’. ధనం నామం కనుక ధనవంతుడు అన్నాం. సమర్థ అన్నదే విశేషణం, దానికి మళ్లీ ఈ తోక ఎందుకు? వాడుకలో పాతుకుపోయింది, తప్పని కొట్టేయను, నేనైతే రాయను. మీ విషయానికి ఇంట్లో మాటే ఉంది: ఒబ్బిడి. ‘ఒత్తుగా పరచిన సెన్సర్లలో ఒబ్బిడిగా దత్తాంశ క్రోడీకరణ’ అని చూడండి.

మీ వాక్యంలో మిత్రుడికి నచ్చనిది భాష కాకపోవచ్చు. రెండిళ్ల సగటు 4, ఎనిమిదిళ్ల సగటు 2 అయితే అందరి సగటు 3 కాదు, 2.4. మధ్య సెన్సర్ పంపాల్సింది సగటు కాదు. మొత్తాన్నీ, అది ఎన్నింటి మొత్తమో ఆ సంఖ్యనూ. భాగహారం చివరనున్నవాడు చేసుకుంటాడు. అక్కడ ‘సగటును’ కొట్టేసి ‘మొత్తాన్నీ, సంఖ్యనూ’ అని దిద్దండి.