స్నూపీకి సమాధి లేదు, గుర్తు ఎక్కడ పెట్టుకోవాలి?

మాది విజయవాడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. 12 ఏళ్లు మాతో ఉన్న మా తెల్ల పమేరియన్ కుక్క స్నూపీ నెల క్రితం కిడ్నీలు పాడై చనిపోయింది. చివరి రెండు నెలలూ రోజు విడిచి రోజు సెలైన్ పెట్టించాను. పాతిపెట్టడానికి సొంత స్థలం లేక, దుప్పటి చుట్టి మున్సిపాలిటీ బండికి ఇచ్చేశాం. ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా అడగలేదు. చెత్తతో పాటు పంపేశాననిపించి నిద్ర పట్టడం లేదు. మా పాపకి ఏడేళ్లు, ‘ఊరికి పంపించాం’ అని చెప్పాం. మావారు వచ్చే నెల పాప పుట్టినరోజుకి ఇంకో కుక్కపిల్లను తెస్తానంటున్నారు. అత్తయ్యేమో ‘మనిషి పోయినట్టు ఆ ఏడుపేంటి’ అంటారు. ఆవిడే రాత్రి అన్నాలప్పుడు అలవాటుగా పెరుగన్నం ముద్ద పక్కన పెట్టి, తర్వాత తీసి పారేస్తున్నారు. కింద వాచ్‌మన్ గది దగ్గర ఒక వీధికుక్క ఉంది. దాన్ని చూసినా ఏడుపొస్తోంది. స్నూపీ గుర్తుగా ఏదైనా చేయాలని ఉంది. నవ్వుతారేమో?

- ఒక సోదరి

మా తాతయ్య కాడెద్దు చచ్చిపోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. నలుగురూ కలిసి చేలో గొయ్యి తీసి, పసుపు కుంకుమ చల్లి పూడ్చారు. ఊళ్లో ఎవరూ నవ్వలేదు సరికదా, సాయంత్రం అరుగు మీదకొచ్చి కూర్చున్నారు కూడా. మీకు కరువైనవి ఆ చేను, ఆ అరుగు. మీ ఏడుపులో తప్పేమీ లేదు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఇలాంటి దుఃఖానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖం అని దాని భావం. పరామర్శకు ఎవరూ రారు, ఆఫీసులో సెలవు అడగలేం, పదో రోజంటూ ఒకటి ఉండదు. అందుకే అది లోపలే తిరుగుతూ ఉంటుంది.

ఇక ఆ బండి సంగతి. మీకు ఆ ఒక్క ఉదయమే కనిపిస్తోంది. అంతకు ముందు రెండు నెలలు సెలైన్ పెట్టించింది ఎవరు? స్నూపీకి తెలిసింది మీ ఒడి. బండి దానికి తెలియదు. సొంత పెరడు ఉన్నవాళ్లు మూడు నాలుగు అడుగుల లోతున, బోరుకు దూరంగా పూడ్చుకోగలరు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలెక్కడిది? అయినా మనసు ఒప్పుకోకపోతే, మీ ఏరియా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను ఇలాంటి వాటిని ఎక్కడ పూడుస్తారని అడగండి. తెలిస్తే ఒకసారి వెళ్లి దణ్ణం పెట్టుకుని రండి. తెలియకపోయినా అక్కడితో వదిలేయండి. మళ్లీ మళ్లీ తవ్వుకోవద్దు.

నవ్వుతారేమో అన్నారు. ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ మీ అత్తయ్యగారికి నాకన్నా బాగా తెలిసే ఉంటుంది, అది వదిలేద్దాం. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో దాదాపు 949 నాటి వీరగల్లు ఒకటి దొరికింది. అడవిపందితో పోరాడి చనిపోయిన ‘కాళి’ అనే వేటకుక్క కోసం వేసిన రాయి అది. కుక్క, పంది తలపడ్డ బొమ్మ కూడా చెక్కారు. వెయ్యేళ్ల కిందటి వాళ్లు రాయే నిలబెట్టారు, మీరు ఒక కుండీ పెడితే ఏమవుతుంది?

స్నూపీ పడుకునే చోట, బాల్కనీలోనే ఆ కుండీ పెట్టండి. నందివర్ధనం అయితే తెల్లగా పూస్తుంది, మొండి మొక్క కూడా. నాజూకు మొక్కలు వద్దు, అది ఎండిపోతే మళ్లీ ఇంకో ఏడుపు. మెడపట్టీకి ఉన్న గంటను ఆ కుండీకే కట్టండి. ఫోన్లో ఉన్న వందల ఫొటోలు వేళాపాళా లేకుండా కళ్లబడి ఏడిపిస్తాయి. వాటిలో ఒకటి ప్రింటు తీయించి ఫ్రేము కట్టించండి, మిగతావి ప్రస్తుతానికి ఒక ఫోల్డర్‌లో పడేయండి. సాయంత్రం స్నూపీని తిప్పే టైముకు మీకు కాళ్లూ చేతులూ ఆడకపోవచ్చు. ఆ టైముకు ఇంట్లో కూర్చోకండి, అదే దారిలో నడిచి రండి.

కుండీ పెట్టే ముందు పాపకి నిజం చెప్పాలి. ఊరికి పంపామంటే, తనను కూడా అలాగే పంపేస్తారేమోనని పిల్లలు భయపడతారు. నిద్రపోయిందనీ చెప్పకండి, పడుకోవడానికే జంకుతారు. ‘కిడ్నీలు పనిచేయడం మానేశాయి, డాక్టర్‌గారు కూడా బాగు చేయలేకపోయారు, చచ్చిపోయింది, ఇక రాదు’ అని చెప్పండి. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగితే, చెప్పలేకపోయానని ఒప్పుకోండి. మట్టి పోయడం పాప చేతే చేయించండి.

కొత్త కుక్కపిల్ల విషయంలో మీవారిది ప్రేమే, కానీ తొందరపాటు. పుట్టినరోజుకి సైకిలు కొనమనండి. ఇప్పుడు తెస్తే మీరు రోజూ దాన్ని స్నూపీతో పోలుస్తారు, పాపం ఆ కుక్కపిల్ల ఏం చేసింది?

నిద్ర లేకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉన్నా, తిండి మానేసినా డాక్టర్‌కి చూపించుకోండి. మానసిక ఇబ్బందుల్లో సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. చేతి ముద్ద ఇంకా మానలేదంటే ఆవిడకూ బెంగగానే ఉంది, పైకి చెప్పుకోలేకపోతున్నారంతే. ఈ రాత్రి ఆ పెరుగన్నం పారేయనివ్వకండి. ఆవిడనూ పాపనూ వెంటబెట్టుకుని వాచ్‌మన్ గది దగ్గరికి దిగండి.