39 ఏళ్లకు సోషియాలజీ చదవొచ్చా?

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని. వయసు 39. ఇంటర్ పాసయ్యాక పెళ్లయి చదువు ఆగిపోయింది. అంతా తెలుగు మీడియమే. ఇప్పుడు సోషియాలజీ (సమాజశాస్త్రం)తో బీఏ చేయాలని ఉంది. ‘ఈ వయసులో డిగ్రీ ఏం చేసుకుంటావ్’ అని ఇంట్లో నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: చదవండి. అయితే ఉన్న ఉద్యోగం మాత్రం వదలకండి. డిగ్రీ చేతికి రాగానే ఎవరో పిలిచి ఉద్యోగం ఇస్తారనీ అనుకోకండి.

ఇంట్లోవాళ్లు అడిగింది తప్పేమీ కాదు. మన స్కూళ్లలో సోషియాలజీ విడి సబ్జెక్టుగా ఉండదు కాబట్టి టీచర్ పోస్టుల దారి ఇరుకే. మీ విషయం వేరు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టులకు గతంలో వచ్చిన నోటిఫికేషన్లలో హోమ్ సైన్స్, సోషల్ వర్క్‌తో పాటు సోషియాలజీ డిగ్రీనీ అర్హతగా చూపించారు. ఈసారి నోటిఫికేషన్ పడినప్పుడు వయోపరిమితి, అర్హతల కాలమ్ మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. ఆ తర్వాత ఎంఏ, నెట్ దాకా వెళ్లాలనుకుంటే, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు రాసే నెట్‌కి గరిష్ఠ వయసు లేదు. పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్‌కి మాత్రం ఉంది.

ఎక్కడ చదవాలంటే, మీకు అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ నయం. 1982లో పెట్టిన ఈ యూనివర్సిటీలో తెలుగు మీడియం ఉంది, స్టడీ సెంటర్లు జిల్లాల్లోనూ ఉన్నాయి. కేంద్రం నడిపే ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో కూడా మంచిదే గానీ మెటీరియల్ ఎక్కువగా ఇంగ్లీష్, హిందీల్లో ఉంటుంది. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. గోడల మీద ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ అని, ఏళ్ల చదువు ఒక్కసారి పరీక్షతోనే అయిపోతుందనే పోస్టర్లు కనిపిస్తాయి చూడండి, వాటి జోలికి మాత్రం పోకండి. డబ్బూ పోతుంది, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో పరువూ పోతుంది.

సబ్జెక్టు కష్టమేమో అన్న టెన్షన్ మీకు అక్కర్లేదు. 1950ల మొదట్లో ఎస్.సి. దూబే అనే పండితుడు హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో ఎవరు ఏ కులం, ఎవరింట్లో ఎవరు భోజనం చేస్తారు, పెత్తనం ఎవరిది అని ఊరంతా పరిశీలించి పుస్తకం రాశారు. దేశమంతా చదివిన పుస్తకం అది. మీరు ఇంటింటి సర్వే రిజిస్టర్ పట్టుకుని తిరిగేటప్పుడు చూసేదీ దాదాపు ఇదే కదా! కుటుంబం, కులం, వలస అనే పాఠాలు పుస్తకంలో వచ్చినప్పుడు మీకు మనుషుల ముఖాలు గుర్తొస్తాయి. పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఆ సౌకర్యం లేదు.

మీకు అసలు ఇబ్బంది రాతతో వస్తుంది. ఇంటర్ తర్వాత మళ్లీ పరీక్ష రాసినవాళ్లు నాతో మొదట చెప్పేది వేళ్ల నొప్పి గురించే. అడ్మిషన్ వచ్చేలోపే రాత్రి అన్నాలయ్యాక రోజుకో పేజీ రాయడం మొదలుపెట్టండి. మీ సెంటర్‌కి ఎదురిల్లే అయినా బిడ్డను పంపని కుటుంబం ఒకటి ఉండే ఉంటుంది. ఎందుకు పంపడం లేదో, మొదటి పేజీ దాని మీదే రాయండి.